“తలనొప్పి” అని వ్రాస్తే చాలదు



మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. వయస్సు ముప్పది రెండు. ఇద్దరు పిల్లల తల్లి. మిరప చేలలో కూలికి పోతుంది. నెలకు రెండు మూడుసార్లు ఆమెకు తలనొప్పి వస్తుంది. వచ్చిననాడు తలకు గుడ్డ బిగించి కట్టుకొని, తలుపు వేసికొని, చీకటిలో పడుకొంటుంది. వాంతి అవుతుంది. పిల్లల అరుపులు, పొయ్యి పొగ, కిటికీలో నుండి పడే ఎండ, ఏదీ ఓర్చుకోలేదు. ఇరుగుపొరుగువారిలో కొందరు “పని ఎగగొట్టే తలనొప్పి” అన్నారు. కొందరు దిష్టి అన్నారు. ఒకనాడు ఆమె అత్తగారు ఆమెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. “అయ్యగారూ, దీనికి నొప్పి వచ్చేముందు కళ్ళల్లో మెరుపులు కనబడుతున్నాయంట. ఏదో పట్టిందేమోనని భయముగా ఉంది. ప్రార్థన చేయండి” అన్నది.

ప్రార్థన చేశాము. తరువాత నేను ఆమెను అడిగాను: “అమ్మా, ఈ మెరుపుల సంగతి డాక్టరుగారికి చెప్పావా?”

“వాళ్ళు అడగలేదండి, నేను చెప్పలేదండి. తలనొప్పి అన్నాను, బిళ్ళలు రాసిచ్చారు” అన్నది.

ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉన్నది. అందులో రెండేళ్ళ ఓ.పి. చీటీలు ఉన్నవి. మూడు చోట్ల చూపించుకొన్న చీటీలు ఆరు. ఆరింటి మీదను ఉన్నది ఒకే మాట: తలనొప్పి. కంటి శిబిరములో ఇచ్చిన చీటీ మరొకటి ఉన్నది. అందులో “చూపు బాగున్నది” అని ఉన్నది. తలనొప్పి ఒక చీటీలో ఉన్నది, కన్ను ఇంకొక చీటీలో ఉన్నది. ఆ రెండింటినీ కలిపి చూచినవారు లేరు. అదే సంచిలో వేరొక వస్తువు కూడ ఉన్నది. దాని సంగతి కొంచెము తరువాత చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసము వ్రాయుటకు అదే ముఖ్య కారణము.

మెరుపులు ఎక్కడివి?

మైగ్రేన్ అనే జబ్బు పేరు మీరు వినియుంటారు. మన పెద్దలు దీనిని పార్శ్వపు నొప్పి అన్నారు. తరచుగా తలలో ఒక ప్రక్కనే, నాడి కొట్టుకొన్నట్లు పోటు పెడుతుంది. మందు వేయకపోతే 4 గంటల నుండి 72 గంటల వరకు ఉంటుంది. నడిచినా, మెట్లు ఎక్కినా ఎక్కువవుతుంది. వికారముగాని వాంతిగాని, లేదా వెలుతురును చప్పుడును ఓర్వలేకపోవుటగాని తోడుగా ఉంటుంది. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండు మూడింతలు ఎక్కువ.

ఈ మైగ్రేన్ ఉన్నవారిలో సుమారు నాలుగవ వంతు నుండి మూడవ వంతు మందికి నొప్పికి ముందుగా ఒక సూచన కనబడుతుంది. దానిని వైద్యులు ‘ఆరా’ అంటారు. అది పాత గ్రీకు, లాటిను భాషల మాట. చిన్న గాలి వీచుట అని అర్థము. మన తెలుగులో ఆరా తీయుట అంటే విచారించుట. ఈ రెండు మాటలకు చుట్టరికము లేదుగాని, ఈ ఆరా విషయములో మన ఆరా మాత్రము చాలా అవసరము.

ఆరా వచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అది కంటి చూపులోనే కనబడుతుంది. చూపు నడుమ ఒక చిన్న మచ్చ పుడుతుంది. దాని అంచున రంపపు పళ్ళవలె వంకర టింకర మెరుపు గీతలు లేస్తాయి. అవి మెల్లగా పెద్దవై, చంద్రవంకవలె ఒక ప్రక్కకు జరుగుతాయి. వాటి వెనుక ఉన్నది కనబడదు. రెండు కళ్ళు మూసికొన్నా ఆ గీతలు పోవు, ఎందుకంటే అవి కంటిలో పుట్టినవి కావు, మెదడులో పుట్టినవి. అందువలననే కంటి శిబిరములో చూపు బాగున్నదని చెప్పారు. వారు చెప్పినది నిజమే.

కొందరికి వ్రేళ్ళకొనలలో తిమ్మిరి మొదలై, చీమలు ప్రాకినట్లు చేతి మీదుగా పైకి పోయి, పెదవికి నాలుకకు చేరుతుంది. కొందరికి కొంతసేపు మాట తడబడుతుంది. ఈ సూచనలలో ఒక్కొక్కటి సాధారణముగా 5 నిమిషముల నుండి 60 నిమిషముల వరకు ఉండి, ఏ మచ్చ మిగల్చకుండా పూర్తిగా పోతుంది. గంటలోపల తలనొప్పి మొదలవుతుంది. కొందరికి ఆరా వచ్చిపోతుందిగాని తలనొప్పి రానే రాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మనిషి ఆసుపత్రి గుమ్మము చేరేసరికి ఆరా వెళ్ళిపోయియుంటుంది. నాడి పట్టుకొని చూస్తే అది దొరకదు. రక్తపరీక్షలో కనబడదు. మామూలు స్కానింగులో కూడ చాలామందికి ఏమీ కనబడదు. దానికి సాక్షి ఒక్కరే, చూచిన మనిషి. ఆ మనిషి నోరు విప్పి చెప్పితే, వైద్యుడు చీటీ మీద వ్రాస్తేనే ఆ ఆరా ఉన్నట్లు. లేకపోతే లేనట్లే.

మాట అంకెగా మారుట

మా సంఘములోనే పెరిగిన ఒక యౌవనస్థుడు డిగ్రీ చదివి, హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ పొంది, మెడికల్ కోడింగు ఉద్యోగము చేయుచున్నాడు. మన రెండు రాష్ట్రముల నుండి అనేకులు ఈ పనిలో ఉన్నారు. మీ ఇండ్లలో కూడ ఉండవచ్చును. అమెరికా ఆసుపత్రులలో వైద్యులు వ్రాసిన కాగితములను చదివి, ప్రతి జబ్బుకు ఒక గుర్తు అంకె వేయుట వారి పని. అతడు పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఆ సహోదరి అనుమతితో ఈ చీటీలు అతనికి చూపించాను.

“అయ్యగారూ, నేను డాక్టరును కాను, జబ్బు సంగతి చెప్పలేను. కాని ఈ ఆరు చీటీలు మా ఆఫీసుకు వస్తే నేను వేయగలిగేది మాత్రము చెబుతాను. ఆరింటికీ ఆర్ 51.9” అన్నాడు.

“అంటే?”

“తలనొప్పి, వివరము లేదు, అని అర్థమండి.”

మరి ఆమె మెరుపుల సంగతి చెబుతున్నది గదా అని అడిగాను. “ఆమె చెప్పినది నాకు వినబడదండి. డాక్టరు వ్రాసినదే నాకు కనబడుతుంది. వ్రాయనిది మేము ఊహించి వేయకూడదు. అనుమానముంటే వైద్యునికి ప్రశ్న పంపాలి. అంతే” అన్నాడు.

తరువాత అతడు ఒక కాగితము మీద జి 43.109 అని వ్రాసి, దానిని విడదీసి చూపించాడు. మన పిన్ కోడు వంటిదే ఇది. పిన్ కోడు 5తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు ఉత్తరమని తపాలావారికి తెలుస్తుంది. తరువాతి అంకెలు జిల్లాకు, ఊరికి తీసికొనిపోతాయి. అలాగే ‘జి’ అంటే నాడీమండలపు జబ్బుల అధ్యాయము. 43 అంటే మైగ్రేన్. చుక్క తరువాత 1 అంటే ఆరాతో కూడినది. అక్కడ 0 ఉంటే ఆరా లేనిది. తరువాతి అంకె మందులకు లొంగుచున్నదా లేదా చెబుతుంది: 0 అయితే లొంగేది, 1 అయితే మొండిది. చివరి అంకె నొప్పి 72 గంటలు దాటి విడువకుండా సాగినదా అన్నది చెబుతుంది: 1 అయితే సాగినది, 9 అయితే లేదు.

ఒక్కొక్క అంకె వెనుక వైద్యుడు వ్రాయవలసిన ఒక మాట ఉన్నది. ఉత్త మైగ్రేన్ అని వ్రాస్తే జి 43.909, అనగా ఏ రకమో చెప్పని మైగ్రేన్. ఓ.పి.లో “మైగ్రేన్ కావచ్చును” అని ప్రశ్న గుర్తుతో వ్రాస్తే, అమెరికా నియమము ప్రకారము ఆ మైగ్రేన్ లెక్కలోనికి రాదు. మరల తలనొప్పి కోడే వేయాలి. “మందులకు లొంగుట లేదు” అనో, “సరిగా అదుపులో లేదు” అనో వైద్యుడు వ్రాస్తేనే మొండిదని లెక్క. ఒక ప్రక్క చేయి కాలు బలహీనమయ్యే ఆరాకు జి 43.4 అని వేరే ఇల్లు. ఆరా పోకుండా నిలిచిపోతే 43.5. దానితో మెదడులో ఒక భాగము రక్తము అందక చెడిపోతే 43.6. నెలకు 15 దినములు లేక అంతకంటె ఎక్కువ తలనొప్పి మూడు నెలలకు మించి ఉండి, వాటిలో కనీసము 8 దినములు మైగ్రేన్ లక్షణములు ఉంటే దానిని దీర్ఘకాలపు మైగ్రేన్ అంటారు. అట్టి దానికి ఆరా కూడ తోడైతే ఇంతకుముందు ప్రత్యేకమైన కోడు లేదు. 2023 అక్టోబరు 1 నుండి అమెరికా పట్టికలో జి 43.ఇ అని క్రొత్తగా చేర్చారు.

ఇదంతా అమెరికావారి గొడవ, మనకెందుకు అంటారేమో. మన దేశములో ఆరోగ్య భీమా క్లెయిము ఫారములో ఆసుపత్రివారు నింపే భాగములో కూడ ఐ.సి.డి. కోడుకు గడి ఉన్నది. అయినా నేను ఈ సంగతి వ్రాయుచున్నది భీమా కొరకు కాదు. కోడు వ్రాసే అబ్బాయికి కనబడనిది రేపు మిమ్మును చూడబోయే వేరొక వైద్యునికి కూడ కనబడదు. మీ చీటీని చదివే ప్రతివాని స్థితి అదే.

చర్చి రిజిస్టరు నుండి ప్రపంచ పట్టిక

ఈ పట్టిక పుట్టుక చర్చి పుస్తకములతో ముడిపడియున్నది. లండను నగరములో ప్లేగు నాళ్ళలో ఆయా చర్చి పరిధులలోని గుమాస్తాలు ఎవరు చనిపోయారో, ఏ కారణముచేతనో వారము వారము లెక్క చెప్పి, వాటిని అచ్చు వేయించేవారు. జాన్ గ్రాంట్ అనే లండను వర్తకుడు ఆ లెక్కలన్నిటిని ముందుపెట్టుకొని 1662లో ఒక పుస్తకము ప్రచురించాడు. ఏ జబ్బుతో ఎందరు పోవుచున్నారో లెక్కించి చూచుటకు అదే తొలిమెట్టు. 1893లో ఫ్రాన్సు దేశపు జాక్ బెర్టిలాన్ మరణకారణముల అంతర్జాతీయ పట్టికను తయారుచేశాడు. 1948లో దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టింది. అప్పటినుండి మరణములకే గాక జబ్బులకు కూడ అది పట్టిక అయినది. అమెరికావారు 2015 అక్టోబరు 1 నుండి దాని 10వ కూర్పును తమకు తగినట్లు విస్తరించి వాడుచున్నారు. 11వ కూర్పు 2022 జనవరి 1న అమలులోనికి వచ్చింది. అందులో ఆరాతో కూడిన మైగ్రేన్‌కు 8ఎ80.1 అని పేరు.

బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు నిర్వహించువారికి ఈ సంగతి సులభముగా బోధపడుతుంది. పెండ్లికి వెయ్యిమంది వచ్చి భోజనము చేసియుండవచ్చును. ఇరవై ఏండ్ల తరువాత ధ్రువపత్రము కావలసి వచ్చినప్పుడు రిజిస్టరులో వ్రాసినదే లెక్క.

చూచినవారే గీశారు

ఆరాను గూర్చి వైద్యలోకము నేర్చుకొన్నదానిలో చాలా భాగము రోగులు స్వయముగా వ్రాసి గీసిన కాగితముల నుండి వచ్చింది. ఇంగ్లండులో హ్యూబర్ట్ ఏరీ అనే వైద్యునికి ఈ ఆరా వచ్చేది. అతడు తన కంటికి కనబడిన మెరుపు గీతలను రంగులతో బొమ్మలు గీసి 1870లో రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఆ గీతలు కోటగోడ మలుపులవలె ఉన్నవి. నేటికిని వైద్యులు ఆ బొమ్మలను చూపిస్తారు.

1941లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తన ఆరా ఎంతసేపటికి ఎంత మేర జరుగుచున్నదో గీసికొని లెక్కకట్టాడు. మెదడు వెనుక భాగములో ఏదో ఒక అల నిమిషమునకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ప్రాకుచున్నదని తేల్చాడు. మూడేండ్ల తరువాత, 1944లో, బ్రెజిల్ దేశస్థుడైన లియావ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళ మెదడులో అట్టి నెమ్మదైన అలను కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆరాకు మూలము ఆ అలయేనని ఇప్పుడు ఎక్కువమంది వైద్యులు నమ్ముచున్నారు. గడియారము చూచి ఒక కాగితము మీద గీతలు గీసిన మనిషి లేకపోతే ఆ అల వేగము అంత ముందుగా తెలిసేది కాదు.

కనుక మెరుపులు కనబడిన స్త్రీని చూచి దయ్యము పట్టిందనుట ఎంత తప్పో గ్రహించండి. అది మెదడులో పుట్టే ఒక అల. దానికి పేరున్నది, అంకె ఉన్నది, చికిత్స ఉన్నది.

సంచిలోని రెండవ వస్తువు

ఇప్పుడు ఆ సంచిలోని వస్తువు సంగతికి వస్తాను. అది మాలా-ఎన్ బిళ్ళల అట్ట. ప్రభుత్వ ఆసుపత్రులలోను సబ్ సెంటర్లలోను ఉచితముగా ఇచ్చే గర్భనిరోధక మాత్రలు అవి. దుకాణములో అమ్మే మాలా-డి కూడ అట్టిదే. ఇవి కోట్లమంది స్త్రీలకు మేలు చేసిన మందులు. నేను వాటికి వ్యతిరేకముగా వ్రాయుట లేదు. కాని వాటిలో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉన్నది.

ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్న స్త్రీలకు, మెదడులోని రక్తనాళము మూసుకొనిపోయి పక్షవాతము వచ్చే అవకాశము ఇతర స్త్రీలకంటె సుమారు రెండింతలు. చిన్న వయస్సులో ఆ ప్రమాదము మొత్తముమీద తక్కువే, కనుక ఎవరును బెదరిపోనక్కరలేదు. అయితే ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు తోడైతే ఆ ప్రమాదము పెరుగుతుంది. చుట్ట, బీడీ త్రాగే అలవాటు ఉంటే మరింత పెరుగుతుంది. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భనిరోధక సాధనములను ఎవరికి ఇవ్వవచ్చునో నాలుగు తరగతులుగా విభజించి, ఆరా ఉన్న స్త్రీకి ఈ రకపు మాత్రలను, ఏ వయస్సులోనైనా, నాలుగవ తరగతిలో పెట్టింది. నాలుగవ తరగతి అంటే వాడకూడదని.

చూచారా! నర్సమ్మ ఆ బిళ్ళలు ఇచ్చినప్పుడు తలనొప్పి చీటీలు చూచియున్నను ఆమెకు అనుమానము వచ్చియుండదు. తలనొప్పి ఎవరికి రాదు? “మెరుపు గీతలు కనబడిన తరువాత తలనొప్పి” అన్న మాట ఒక్క చీటీలో ఉన్నా ఆ అట్ట ఆ సంచిలోనికి వచ్చేది కాదు. ఇందులో ఏ ఒక్కరి దోషము అనుట కూడ కష్టమే. ఒక్క ఉదయములోనే వందమందిని చూచే డాక్టరుగారు అడగలేదు, సిగ్గుపడి ఆమె చెప్పలేదు, మనము దిష్టి అన్నాము.

ఈ వ్యాసము చదివి ఎవరును తమంతట తాము బిళ్ళలు ఆపి ఊరకుండవద్దు. ఆరా లక్షణములు ఉంటే వెంటనే వైద్యుని కలిసి, వేరే పద్ధతికి మారండి. కాపర్-టి ఉన్నది, నిరోధ్ ఉన్నది, ఈస్ట్రోజన్ లేని మాత్రలు ఉన్నవి. ఏది తగునో వైద్యుడు చెబుతారు.

ఎప్పుడు ఆగకూడదు?

ఆరాకును పక్షవాతమునకును పైకి పోలిక ఉన్నది. సాధారణముగా ఆరా మెల్లగా, 5 నిమిషములకు పైగా ప్రాకుతూ వస్తుంది. ముందు కన్ను, తరువాత చేయి, ఆ తరువాత మాట, ఇట్లు ఒకదాని వెంబడి ఒకటి రావచ్చును. పక్షవాతము ఒక్కసారిగా పడుతుంది. కాని ఇంటిలో కూర్చొని మనము తీర్పు చెప్పకూడదు. ఈ క్రింది వాటిలో ఏది కనబడినను 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసికొనిపోండి.

1. మూతి వంకర పోవుట, ఒక చేయిగాని కాలుగాని పడిపోవుట, ఒక్కసారిగా మాట పడిపోవుట.
2. జీవితములో ఎన్నడు లేనంత నొప్పి, క్షణములో పిడుగు పడినట్లు వచ్చుట.
3. జ్వరము, మెడ బిగుసుకొనుట, మూర్ఛ, మగత తోడైన నొప్పి.
4. తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి.
5. గర్భిణికి, లేక క్రొత్త బాలింతకు, క్రొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి.
6. ఆరా ఒక గంట దాటినను పోకుండుట.

నలభై ఏండ్లు దాటిన తరువాత మొదటిసారిగా ఆరా వచ్చినవారు కూడ ఆలస్యము చేయక వైద్యునికి చూపించుకోవాలి. మెదడులో గడ్డను కరిగించే ఇంజక్షను పక్షవాతము మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇవ్వవలసినది. కావున “ఎప్పుడు మొదలైనది?” అన్న ప్రశ్నకు జవాబు, గడియారము చూచి వ్రాసికొన్న ఒక చిన్న అంకె, మనిషి నడకను కాపాడగలదు.

ఒక నోటు పుస్తకము

పిల్లల పాత నోటు పుస్తకము చాలును. చదువురానివారు ఇంటిలోని పిల్లలచేత వ్రాయించండి. ప్రతిసారి ఈ సంగతులు వ్రాయండి.

తేదీ, గంట. మొదట ఏమి కనబడినది, ఏ వైపున. వీలైతే బొమ్మ గీయండి. ఎన్ని నిమిషములు ఉన్నది. తిమ్మిరి ఎక్కడ మొదలై ఎక్కడికి పోయినది. మాట తడబడినదా. నొప్పి ఎంతసేపటికి మొదలైనది, ఏ ప్రక్క, ఎన్ని గంటలు ఉన్నది. వాంతి అయినదా. ఏ బిళ్ళ, ఎన్ని, ఏ సమయమున వేసికొన్నారు, తగ్గినదా. నెలసరి ఎప్పుడు వచ్చినది. ముందునాడు నిద్ర చాలినదా, భోజనము మానినారా.

భోజనము మానుట కొందరికి మైగ్రేన్ తెచ్చిపెడుతుంది. ఉపవాసముండే దినములలో ఎల్లప్పుడు నొప్పి వస్తున్నదని పుస్తకము చెబితే, అట్టివారు ఉపవాసము విషయములో వైద్యుని మాట వినుట అవిశ్వాసము కాదు.

బిళ్ళల లెక్క మరువవద్దు. మామూలు నొప్పి బిళ్ళలు నెలలో 15 దినములు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలైతే 10 దినములు, నెలల తరబడి వేసికొంటే ఆ బిళ్ళలే తలనొప్పిని పుట్టిస్తాయి. కిరాణా కొట్టులో బిళ్ళ కొనుక్కొనే అలవాటు మన పల్లెలలో ఎంత ఉన్నదో మీకు తెలుసు.

పుస్తకము మొదటి పేజీలో మీకున్న ఇతర జబ్బులు, వాడుచున్న మందులు వ్రాయండి. ఉబ్బసము ఉన్నవారికి ప్రోప్రనోలాల్ అనే మందు తగదు. గుండెజబ్బుగాని పక్షవాతముగాని వచ్చినవారికి సుమాట్రిప్టాన్ ఇవ్వరు. వాల్ప్రోయేట్ అనే మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. ఈ మూడును మైగ్రేన్‌కు వాడే మందులే. మీరు చెప్పకపోతే వైద్యునికి ఎట్లు తెలుస్తుంది?

డాక్టరుగారి దగ్గర రెండు నిమిషములే దొరుకుతాయి. అందుచేత మొదటి వాక్యము ఇట్లు చెప్పండి: “అయ్యా, నాకు తలనొప్పికి ముందు ఇరవై నిమిషములు కళ్ళలో మెరుపు గీతలు కనబడుతాయి.” తరువాత మర్యాదగా అడగండి: “ఈ మాట చీటీలో వ్రాయండయ్యా.” అడుగుట అమర్యాద కాదు. ఆ చీటీ మీది.

ఆ సహోదరి రెండు నెలలు పుస్తకము వ్రాయించినది. ఏడవ తరగతి చదివే కుమార్తె వ్రాసినది. ఒక పేజీలో ఇట్లున్నది: “మంగళవారం. పొద్దున 10 గంటల 10 నిమిషాలు. అమ్మకి కుడివైపు రంపంలాగా వెలుగు. 10:35కి పోయింది. 10:50కి ఎడమవైపు నొప్పి. రెండుసార్లు వాంతి. నిన్న రాత్రి అన్నం తినలేదు.” క్రింద పెన్సిలుతో రంపపు పళ్ళ బొమ్మ.

ఆ పుస్తకముతో పట్టణములో నరముల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళారు. ఆయన మూడు పేజీలు తిరగేసి, కొన్ని ప్రశ్నలు అడిగి, పరీక్షించి, “ఆరాతో కూడిన మైగ్రేన్” అని చీటీ మీద వ్రాశారు. గర్భనిరోధక మాత్రల సంగతి అడిగి, వాటిని మార్పించారు. నొప్పి రాకుండా కొన్నాళ్ళు వాడుటకు మందు ఇచ్చారు. నొప్పి పూర్తిగా పోలేదు. రెండు నెలలకు ఒకసారి వస్తున్నది. వచ్చిననాడు ఆమెకు భయము లేదు, ఇంటివారికి అనుమానము లేదు.

మొన్న వారింటికి వెళ్ళినప్పుడు ఆ అత్తగారు గోడ గడియారము వైపు చూపించి, “అయ్యగారూ, కోడలికి మెరుపులు మొదలయ్యాయంటే నేను ముందు దాన్ని చూస్తానండి. ముల్లు ఎక్కడుందో మనవరాలికి చెబుతాను, అది రాస్తుంది” అన్నది. ఆమెకు చదువురాదు.

చదువరులారా, మీ ఇంటిలోను తలకు గుడ్డ కట్టుకొని చీకటిలో పడుకొనేవారు ఉంటే, ఈ సాయంకాలమే ప్రక్కన కూర్చొని అడగండి: నొప్పికి ముందు నీకు ఏమి కనబడుతుంది? చెప్పినది చెప్పినట్లు వ్రాయండి.